టీఐ పరేడ్‌లో సాక్షి గుర్తుపట్టిన ముఖాన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

మీ అమ్మగారి మెళ్ళో గొలుసు తెంపుకుపోయిన కేసులో టీఐ పరేడ్‌కి (టెస్ట్ ఐడెంటిఫికేషన్ పరేడ్, అంటే నిందితుణ్ణి మరికొందరితో కలిపి వరసలో నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనడం) రమ్మన్నారని, ఆవిడ గుర్తుపడితే కేసు నిలబడుతుందా అని అడిగారు. పరేడ్ రోజు ఏం జరుగుతుందన్నదానికంటే ఈలోపు ఏం జరిగిందన్నదే పెద్ద విషయం.

పరేడ్‌లో గుర్తుపట్టడం దానికదే అసలు సాక్ష్యం కాదు. కోర్టులో బోనెక్కి ముద్దాయిని చూపించి చెప్పేదే సాక్ష్యం, పరేడ్ దానికి బలం. 2003లో మల్ఖాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే.

పరేడ్ జరిపేది మేజిస్ట్రేటు, మామూలుగా జైల్లోనే. గుర్తుపట్టే సమయంలో పోలీసులు అక్కడ ఉండకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1990 క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్‌లో 34వ రూలు దీని గురించే. ముద్దాయి వయసు, ఎత్తు, వాలకానికి దగ్గరగా ఉన్నవాళ్ళనే వరసలో కలపాలి. ఎక్కడ నిలబడాలో ముద్దాయే ఎంచుకుంటాడు. ఒక సాక్షి వెళ్ళి ఇంకొకరు వచ్చేలోగా వరస మార్చడం మంచిది. చూసి వచ్చినవాళ్ళు బయట కూర్చున్నవాళ్ళతో మాట్లాడకూడదు. ముద్దాయి చెంప మీద మచ్చ ఉంటే, వరసలో అందరి చెంపకీ అదే చోట కాగితం ముక్క అంటించాలి. లేకపోతే సాక్షి చూసేది మచ్చని, మనిషిని కాదు.

ఇవన్నీ సరిగ్గా జరిగినా ఒక్క ఫోటో వల్ల కేసు పోవచ్చు. స్టేషన్‌లో ఎవరో సెల్‌ఫోన్ చూపించి "వీడేనా అమ్మా?" అంటారు. ఆ తర్వాత పరేడ్‌లో ఆవిడకి గుర్తొచ్చేది రోడ్డు మీద రెండు క్షణాలు చూసిన ముఖమో, ఫోన్‌లో తీరిగ్గా చూసిన ముఖమో ఆవిడకే తెలియదు. అబద్ధమాడటం లేదు, నిజంగానే నమ్ముతుంది. "బాగా గుర్తుపట్టారు" అని ఎవరైనా అంటే ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. అందుకే సాక్షి కోర్టులో ఎంత ధీమాగా చెప్పిందన్నది నాకు కొలమానం కాదు. మొదటిసారి చూసినప్పుడు ఎంత తడుముకుందో అది చూడాలి.

అమెరికాలో నార్త్ కరోలినాలో 1984 నాటి అత్యాచారం కేసులో బాధితురాలు మొదట ఫోటోల్లో, తర్వాత వరసలో రోనాల్డ్ కాటన్‌నే చూపించింది. ఫోటోల్లో ఆమె చూపించిందీ ఇతన్నేనని ఆ తర్వాత పోలీసులు ఆమెకి చెప్పారు. 1987లో రెండో విచారణలో అసలు నేరస్థుణ్ణి ఎదురుగా తెచ్చి నిలబెట్టినా గుర్తుపట్టలేదు. 1995లో డీఎన్ఏతో నిజం తేలేసరికి కాటన్ పదేళ్ళకు పైగా జైల్లో గడిపాడు.

హెల్మెట్ ఉందా, వీధిదీపం ఎంత దూరం, చూసింది ముఖమా వీపా, ఇవి ఫిర్యాదులోనూ మొదటి వాంగ్మూలంలోనూ ఉన్నాయేమో చూసుకోండి. అక్కడ ఒక్క ఆనవాలూ లేకుండా పరేడ్‌లో ఠక్కున గుర్తుపడితే డిఫెన్స్ లాయరు పట్టుకునేది దాన్నే.

వరసలో దొంగ ఉండి తీరాలని లేదు. ఉన్నవాళ్ళలో కాస్త పోలిక ఉన్నవాణ్ణి చూపించొద్దనీ, లేకపోతే "లేడు" అనొచ్చనీ అమ్మగారికి చెప్పండి. ఫోటో ముందే చూపించి ఉంటే మేజిస్ట్రేటుకి ఆ మాట దాచకుండా చెప్పమనండి, ఆయన రికార్డు చేస్తారు.