ఒంగోలు ఆవుకి గోమార్లు ఎందుకు తక్కువ? జెర్సీకి ఆ శక్తి ఎప్పటికైనా వస్తుందా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఒకే కొట్టంలో కట్టేసినా, పశువుల రక్తం తాగే పురుగులైన గోమార్లన్నీ జెర్సీ సంకర ఆవునే ఎందుకు పట్టుకుంటాయి, ఒంగోలు ఆవుకి ఎందుకు తక్కువ అన్నది మొదటిది. జెర్సీ సంతతిని నాలుగైదు తరాలు ఇక్కడే పెంచితే దానికీ ఆ శక్తి వస్తుందా అన్నది రెండోది. మాది గుంటూరు నుంచి అమరావతి వెళ్లే రోడ్డులో, లాం ఫాం దగ్గర పల్లె. మా ఇంట్లో రెండు రకాల పశువులూ ఉన్నాయి. చూసిందీ చదివిందీ కలిపి చెబుతాను.

రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. ఊరికే ఇక్కడ ఉన్నంత మాత్రాన రాదు. ఎందుకు రాదో తెలియాలంటే ఒంగోలుకి ఎలా వచ్చిందో చూడాలి.

సాయంత్రం కొట్టంలో కాసేపు నిలబడి చూడండి. ఒంగోలు ఆవు మీద ఈగ వాలినా చాలు, ఆ ఒక్క చోట తోలు టపటపా అదురుతుంది. తోలు కింద ఉండే పల్చటి కండ చేసే పని అది. వెంట్రుక పొట్టిగా, నున్నగా ఉంటుంది కాబట్టి గోమారుకి పట్టు తక్కువ. ఇక నాకుడు. నాలుక అందినంత మేరా నాకుతూనే ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. నాకడానికి వీల్లేకుండా అడ్డు కట్టిన పశువుల మీద గోమార్లు బాగా పెరిగాయని ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగాల్లో తేలింది.

అయితే అసలు పోరాటం జరిగేది తోలు లోపల. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల గోమారు కొరకగానే అక్కడికి రక్షణ కణాలు చేరతాయి, హిస్టమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. తోలు ఉబ్బుతుంది, దురద పుడుతుంది. పిల్ల గోమారు అక్కడ కుదురుగా రక్తం తాగలేక ఊడిపోతుంది, లేదా దురదకి ఆవే నాకి పారేస్తుంది. చాలావరకు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే పోతాయి. మన కంటికి కనిపించే ఆముదపు గింజంత గోమార్లు ఆ దెబ్బ తప్పించుకుని బతికినవి మాత్రమే. ఈ ప్రతిస్పందన దూడ పుట్టగానే పూర్తిగా ఉండదు, కొన్నిసార్లు గోమార్లు కరిచాక గట్టిపడుతుంది. కానీ ఎంత గట్టిపడగలదన్నది చాలావరకు వంశంలోనే ఉంది. అక్కడే జెర్సీ వెనకబడిపోతుంది.

ఆ తేడా ఎక్కడ మొదలైంది? మన మూపురం పశువులను సింధు ప్రాంతంలో సుమారు 8,000 ఏళ్ల కిందట మచ్చిక చేసుకున్నారు. పశువులను ఎక్కువగా పట్టే రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే గోమారు కూడా దక్షిణాసియా వైపుదే. జెర్సీ పూర్వీకులను వేరుగా పశ్చిమాసియాలో మచ్చిక చేశారు. చివరికి అవి ఇంగ్లిష్ చానెల్‌లోని ఒక చల్లటి దీవికి చేరాయి. అక్కడ ఈ గోమారు లేదు.

దయచేసి ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. గోమార్లు ఉన్నాయి కదా అని ఏ ఆవూ తన ఒంట్లో రక్షణ తయారు చేసుకుని దాన్ని దూడకి ఇవ్వలేదు. ప్రతి మందలోనూ వంశాన్ని బట్టి కొన్నిటి తోలు గట్టిగా ఎదురుతిరుగుతుంది, కొన్నిటిది తిరగదు. మందుల్లేని కాలంలో ఎదురుతిరగలేనివి రక్తం పోయి చిక్కిపోయేవి, జ్వరాలతో చచ్చేవి, తక్కువ దూడల్ని కనేవి. ఎదురుతిరిగినవాటి దూడలే మందలో పెరిగాయి. వేల ఏళ్లు ఇలా జరిగితే వచ్చిందే ఈ ఒంగోలు.

గోమారు కూడా చూస్తూ ఊరుకోలేదు. కొన్ని రకాల గోమార్ల లాలాజలంలో హిస్టమిన్‌ను పట్టి బంధించే ప్రొటీన్లు ఉన్నాయి. ఆవు తోలు ఎంత నేర్పు చూపితే గోమారు నోరు అంత నేర్పు చూపింది. మనం కొట్టే మందుల విషయంలోనూ ఇంతే. ఏళ్ల తరబడి ఒకే స్ప్రే వాడితే దానికి చావని గోమార్లే మిగిలి గుడ్లు పెడతాయి, ఒక్కోటి రెండు మూడు వేలు. మన దేశంలో చాలాచోట్ల సైపర్‌మెత్రిన్ లాంటి మందులు సరిగ్గా పనిచేయకపోవడానికి ఇదే కారణం.

తేనెటీగల్లోనూ ఇలాంటిదే జరిగింది. వరోవా అనే పురుగుతో ఎప్పటినుంచో కలిసి బతికిన ఆసియా తేనెటీగలు దాన్ని ఒంటి మీంచి దులిపేసుకుంటాయి. అదే పురుగు యూరప్ తేనెటీగల్లోకి పాకాక, ఆ అలవాటు బలంగా లేక తేనెపట్టులే ఖాళీ అయ్యాయి.

ఇప్పుడు జెర్సీ సంగతి. మనం మందు కొట్టి కాపాడతాం, పాలు చూసి దూడను ఉంచుకుంటాం. గోమార్లు ఎక్కువ పట్టే ఆవు సంతతి కూడా అంతే బాగా పెరుగుతుంది. అలాంటప్పుడు ఎన్ని తరాలైనా ఈ శక్తి దానంతట అది పెరగదు. మనమే ఎంచుకుంటే మాత్రం పెరుగుతుంది. ఈ గోమారు జావా పశువులతో ఆస్ట్రేలియాకి చేరి, అక్కడి యూరప్ జాతి ఆవులను కుదేలు చేసింది. అప్పుడు వాళ్లు మన దేశపు రక్తం ఉన్న బ్రాహ్మన్ పశువులతో సంకరం చేశారు. అంతటితో ఆగకుండా క్వీన్స్‌లాండ్‌లోని బెల్మాంట్ పరిశోధన కేంద్రంలో యూరప్ జాతుల్లోనే గోమార్లు తక్కువ పట్టేవాటిని ఏరి, తరం తర్వాత తరం పెంచి అడాప్టార్ అనే పశువులను తయారుచేశారు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆశ కలిగించేది ఇదే.

కాబట్టి ఏ పెయ్యను ఉంచుకోవాలో తేల్చేటప్పుడు పాలతో పాటు గోమార్లూ చూడండి. ఒకే కొట్టంలో ఒకే వయసున్నవాటిని పోల్చి, మందు కొట్టకముందు గంగడోలు, పొదుగు, తోక మొదలు, చెవుల దగ్గర లెక్కపెట్టండి. మేము ఇలాగే చేస్తున్నాం, సంకర ఆవుల మధ్య కూడా తేడా స్పష్టంగా కనిపిస్తోంది. విదేశీ రక్తం సగానికి మించకుండా చూసుకుంటే ఇంకా మంచిది.

ఈలోగా గోడ పగుళ్లు పూడ్చండి, కొన్ని గోమార్లు అక్కడే గుడ్లు పెడతాయి. అసలు భయపడాల్సింది వాటితో వచ్చే థైలీరియా జ్వరానికి. మా సంకర ఆవుకి వచ్చింది, పక్క గాటనే ఉన్న ఒంగోలు పెయ్యకి ఏమీ కాలేదు. మీ ఆవుకి బాగా జ్వరం వచ్చి, భుజం ముందు బిళ్ల వాచినట్టు అనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా పశువైద్యుడిని పిలవండి. బుపార్వాక్వోన్ ఇంజెక్షన్ మొదట్లోనే పడితేనే బాగా పనిచేస్తుంది.