ఈ బండ నిండా ఉంటే, ఆ బండ మీద ఒక్కటీ లేదేం?

ప్రశ్న: నేను విజయనగరంలో హైస్కూల్ టీచర్ని. మొన్న ఒక ఆదివారం తొమ్మిదో తరగతి పిల్లల్ని చింతపల్లి బీచ్‌కి తీసుకెళ్ళాం. నీళ్ళు బాగా వెనక్కి పోయి రాళ్ళు బయటపడ్డాయి. ఒక బండ కన్నాల నిండా నల్లటి ముళ్ళ బంతులు. పది అడుగుల అవతల అలాంటి బండే ఇంకొకటుంది, దాని మీద ఒక్కటీ లేదు. "వీటికీ వీధులుంటాయా టీచర్?" అని ఒక పిల్ల అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. తరవాత కళింగపట్నం వెళ్ళినప్పుడు పనిగట్టుకుని వెతికాను. అక్కడ అసలే లేవు. కాలుష్యం వల్ల పోయాయా? సైన్స్ ఫెయిర్‌కి వీటిని లెక్కపెట్టే ప్రాజెక్ట్ చేయించాలనుంది. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఆ పిల్లకి నా తరఫున ఒక చాక్లెట్ కొనిపెట్టండమ్మా. ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పాను, నన్నింత సూటిగా ఎవరూ అడగలేదు. వీధులుంటాయి. వాటిని గీసేది ఎవరన్నదే అసలు సంగతి.

కళింగపట్నం గొడవ ముందు తేల్చేద్దాం. అక్కడ కనబడలేదని కాలుష్యాన్ని ఆడిపోసుకోనక్కర్లేదు. మీరు చూసింది సీ అర్చిన్. ముళ్ళ మధ్య నుంచి సన్నటి దారాల్లా నాళికాపాదాలు బయటికొస్తాయి, ఒక్కోదాని చివర చూషకం ఉంటుంది. వాటితోనే రాతిని కరుచుకుని ఉంటుంది. కాళ్ళ కింద అల అలకీ జారిపోయే ఇసుకని పట్టుకుని ఎలా నిలబడుతుంది? శ్రీకాకుళం జిల్లాకి ఎంత పొడుగు తీరం ఉన్నా, అందులో ఎక్కువ భాగం ఇసుకే.

పైగా అక్కడ వంశధార కలుస్తోంది. వానాకాలంలో ఎర్రటి వరదనీరు సముద్రంలోకి ఎంత దూరం పాకుతుందో ఒడ్డున నిలబడ్డవాళ్ళకి తెలుసు. ఈ జీవికి ఉప్పు తగ్గితే ప్రాణం మీదకొస్తుంది. ఒంట్లో ఉప్పూ నీళ్ళూ సరిచూసుకునే మన కిడ్నీ లాంటి అవయవం దానికి లేదు. దీని వర్గం ఇకైనోడెర్మేటా మొత్తంలో మంచినీళ్ళలో బతికేది ఒక్కటంటే ఒక్కటి లేదు. అందుకే వంశధార, నాగావళి, మహేంద్రతనయ కలిసే చోట్ల వెతకడం దండగ. మీ చింతపల్లి పక్కనే కోనాడలో చంపావతి కలుస్తుంది కదా, అక్కడా అంతే.

అయితే ఇసుకలో దీని చుట్టాలు లేకపోలేదు. రూపాయి బిళ్ళలా చదునుగా, పైన అయిదు రేకుల పువ్వు చెక్కినట్టుండే తెల్లటి బిళ్ళ మీ పిల్లలెవరికైనా దొరికిందేమో అడగండి. దాన్ని శాండ్ డాలర్ అంటారు. ముళ్ళు అరిగి నూగులా అయిపోయి, ఇసుకలో దూరి బతకడం మరిగిన సీ అర్చినే అది.

ఇక మీ రెండు బండల సంగతి. మన తీరంలో అమావాస్యకీ పౌర్ణమికీ నీరు ఎక్కి దిగే తేడా మీటరున్నరకి అటూ ఇటూ. ఆ మీటరున్నర గోడ మీద ఎవరి అంతస్తు వాళ్ళది. పైన బార్నకిల్స్, అంటే కాలికి గీసుకుని రక్తం తెప్పించే ఆ తెల్లటి గుల్లలు. అవి మూత బిగించుకుని ఎండకి ఓర్చుకుంటాయి. సీ అర్చిన్‌కి మూత లేదు. ఎండ తగిలితే వాడిపోతుంది. అందుకని అట్టడుగు అంతస్తులోనో, నీళ్ళు దిగిపోయినా మడుగు నిలిచే గుంటలోనో ఉంటుంది. ఖాళీ బండ రెండు జానెలు ఎత్తుగా ఉందేమో చూడండి. చూపుకి ఒకలాగే ఉన్న రాళ్ళ మధ్య ఆ రెండు జానెలే ఒక ఊరంత దూరం.

ఎత్తు సమానమైతే కన్నాలు చూడండి. విశాఖ, భీమిలి వైపు రాళ్ళలో కనిపించే నల్లటి జాతి స్టోమోప్న్యూస్టిస్ వేరియోలారిస్. పేరు నోరు తిరగదని వదిలెయ్యకండి, ఫెయిర్‌లో జడ్జీలకి నచ్చుతుంది. అది కన్నం మనిషి. కడుపు కింద నోట్లో అయిదు పళ్ళు ఉంటాయి. వాటిని పట్టి ఉంచే సున్నపు ముక్కల గూటిని అరిస్టాటిల్ లాంతరు అంటారు. ఆ పళ్ళు అరిగేకొద్దీ పెరుగుతూ, అరుగుతూనే పదునెక్కుతాయి. రాతి మీద నాచు గోకడం వీటి పని. గోకుతూ గోకుతూ, ముళ్ళతో రాస్తూ కొన్ని జాతులు రాయినే తొలుస్తాయి. లోపల ఒళ్ళు పెరిగి, కన్నం మూతి సన్నగా ఉండిపోయి, ఇక జన్మలో బయటికి రాలేనివీ ఉంటాయి. అలలు నాచు ముక్కల్ని తెచ్చి గుమ్మంలో పడేస్తే తింటాయి. ఒక తరం చచ్చిపోయినా కన్నం ఉంటుంది, తరవాతది అద్దె లేకుండా దిగుతుంది. కాబట్టి నున్నటి బండ మీద ఇళ్ళే లేవు, జనం ఎలా ఉంటారు?

కన్నాలుండీ ఖాళీగా ఉంటే? అప్పుడు సీ అర్చిన్ పిల్లల లెక్క చూడాలి. వీటి లార్వా పేరు ప్లూటియస్. కంటికి ఆననంత చిన్నది, వారాల తరబడి నీళ్ళలో కొట్టుకుపోతుంది. ప్రవాహం ఎటు తోస్తే అటు. ఒక ఏడాది ఈ రాతికి చేరుతుంది, మూడేళ్ళు చేరదు. చేరినవాటికి చేపలు, పీతలు, ఆక్టోపస్‌ల భయం. కాలిఫోర్నియా వైపు ఎర్ర సీ అర్చిన్‌ల పిల్లలు పెద్దవాటి ముళ్ళ కిందే దాక్కుంటాయి. అంటే పెద్దలున్న చోటే పిల్లలు బతుకుతారు. ఉన్న వీధి ఇంకా నిండుతుంది, లేని వీధి అలాగే ఉండిపోతుంది.

ఈ గుంపులు అదుపు తప్పితే ఏమవుతుందో అలాస్కా అవతలి అల్యూషన్ దీవుల్లో చూశారు. అక్కడ సీ ఆటర్ అనే నీటికుక్క లాంటి జంతువు వీటిని తింటుంది. బొచ్చు కోసం దాన్ని వేటాడి తుడిచిపెట్టిన దీవుల చుట్టూ సీ అర్చిన్‌లు పెరిగిపోయి, కెల్ప్ అనే పెద్ద నాచు అడవుల్ని నేలమట్టం చేశాయి. ఆటర్లు మిగిలిన దీవుల చుట్టూ అడవి నిలిచింది. 1974లో ఈ తేడాని రాసిన పేపర్‌ని నేను ఏటా క్లాసులో చెప్పేవాణ్ణి. దీనికి పూర్తిగా తిరగేసిన కథ కరీబియన్‌లో జరిగింది. 1983లో పొడుగు ముళ్ళ జాతికి తెగులొచ్చి ఏడాది తిరిగేసరికి నూటికి తొంభై పైగా చచ్చిపోయాయి. గోకేవాళ్ళు లేక పగడాల మీద నాచు పరుచుకుంది. ఎక్కువైనా తంటాయే, తక్కువైనా తంటాయే.

ప్రాజెక్ట్ విషయానికొస్తే, ముందు నా పరువు తక్కువ కథ ఒకటి వినండి. చదువుకునే రోజుల్లో భీమిలి రాళ్ళ మీద నాకూ ఇదే పని అప్పజెప్పారు. మీటరు పొడవు, మీటరు వెడల్పు చెక్క ఫ్రేము పట్టుకుని పొద్దంతా తిరిగి, నిండుగా ఉన్న చోటల్లా వేసి లెక్కపెట్టాను. పట్టిక చూసి మా సార్ ఒక్కటే మాట అన్నారు: "సున్నాలేవోయ్?" ఒక్క సున్నా లేదు. ఉన్న చోటే వేస్తే ఎందుకుంటుంది! మర్నాడు మళ్ళీ పంపారు. రాళ్ళ మీదుగా తాడు కట్టి, తాడు మీద ప్రతి రెండు మీటర్లకీ, అక్కడేమున్నా లేకపోయినా ఫ్రేము వెయ్యమన్నారు. వలలు బాగుచేసుకుంటున్న తాత ఒకాయన నన్ను చాలాసేపు చూసి, "ఏటి బావూ, ఏటీ లేని కాడ కూడా లెక్కెడతన్నావు?" అన్నాడు. నిజానికి లెక్క అక్కడే ఉంది.

ఎలాగంటే, ఉదాహరణకి పది ఫ్రేముల్లో 0, 0, 0, 12, 0, 1, 0, 0, 7, 0 వచ్చాయనుకోండి. సగటు 2. కానీ సరిగ్గా రెండున్న ఫ్రేము ఒక్కటీ లేదు చూశారా! ప్రతి అంకె సగటుకి ఎంత దూరంలో ఉందో వర్గం చేసి కూడితే 154, ఫ్రేముల సంఖ్యలో ఒకటి తగ్గించి, తొమ్మిదితో భాగిస్తే సుమారు 17. దీన్నే విస్తృతి అంటారు. ఎవరో పిడికెడు గింజలు గుడ్డిగా చల్లినట్టుంటే విస్తృతి కూడా సగటంతే, అంటే 2 దగ్గరే ఉండేది. 17 వచ్చిందంటే గుంపులు కట్టాయని అర్థం. అదే ఆ పిల్ల చెప్పిన వీధి. తొమ్మిదో తరగతికి ఈ గుణకారం పెద్ద కష్టం కాదు.

ప్రతి ఫ్రేముకీ ఎత్తు, కన్నాల సంఖ్య, నీడా ఎండా, అల నేరుగా తగులుతుందా అనే నాలుగూ రాయించండి. అమావాస్యకో పౌర్ణమికో ఒకటి రెండు రోజుల తరవాత, నీరు బాగా దిగే వేళ కనుక్కుని, అంతకి గంట ముందు దిగండి. నీరు తిరిగిందంటే ప్రాజెక్ట్ సగంలో ఉన్నా వెనక్కి వచ్చెయ్యండి. ఒక్కదాన్నీ కన్నంలోంచి పీకనివ్వద్దు.

ప్రశ్న: రాళ్ళలో దిగినప్పుడు మా తమ్ముడి అరికాల్లో ఆ ముల్లు విరిగిపోయింది. చర్మం కింద నల్లగా కనిపిస్తోంది. పిన్నీసుతో తియ్యొచ్చా? – ఒక పాఠకుడు, భావనపాడు

జవాబు: పిన్నీసు పక్కన పెట్టు బాబూ. ఈ ముళ్ళు సుద్దలా పెళుసు, కెలికితే లోపల ఇంకా ముక్కలవుతాయి. కాలు తట్టుకోగలిగినంత వేడినీళ్ళలో అరగంట నుంచి గంటన్నర పెట్టించు, నొప్పి తగ్గుతుంది. బయటికి కనిపించే కొసని ట్వీజర్‌తో తియ్యొచ్చు. నల్లటిదంతా ముల్లే అనుకుని టెన్షన్ పడక్కర్లేదు, ఒక్కోసారి అది ముల్లు వదిలిన రంగు మాత్రమే. రంగే అయితే రెండు మూడు రోజుల్లో పోతుంది. పోకపోయినా, కీలు దగ్గర గుచ్చుకున్నా, వాపు పెరుగుతున్నా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో కూడా ఇంట్లో అడుగు.