బతుకమ్మ ఆడితే క్రైస్తవురాలిని కాకుండా పోతానా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. హనుమకొండలో లెక్చరర్‌ని. కరీంనగర్ వైపు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం మాది. యేసు మాటలే నాకు దారి. కానీ సృష్టి అక్షరాలా ఆరు రోజుల్లో జరిగిందనీ, వేరే మతాలవాళ్లంతా నరకానికే పోతారనీ నమ్మలేకపోతున్నాను. కాలేజీలో బతుకమ్మ ఆడిన ఫొటో సంఘం వాట్సాప్ గ్రూపుకెక్కింది. ‘నువ్వసలు క్రైస్తవురాలివేనా’ అని అమ్మ ఏడుస్తోంది. సంబంధం వాళ్లేమో ‘అమ్మాయి రక్షణ పొందిందా’ అని, అంటే యేసును రక్షకుడిగా స్వీకరించిందా అని అడుగుతున్నారు.

జవాబు: ఈ రెండు సందేహాలతో క్రైస్తవ్యం పోదమ్మా. ఆ ఆరు రోజులు మనం లెక్కపెట్టే రోజులు కావని 1,600 ఏళ్ల కిందటే క్రైస్తవ వేదాంతి అగస్టీన్ రాశాడు. ఆదికాండం మొదటి అధ్యాయంలో జంతువుల తర్వాత మనిషి, రెండో అధ్యాయంలో మనిషి తర్వాత జంతువులు. అక్షరాలా చదవాలనే పట్టుదల అక్కడే చిక్కుకుంటుంది.

మీ సంఘం సంగతికొస్తే, 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడటానికి ఆధారమైన ఒప్పందం అపొస్తలుల, నైసియా విశ్వాస ప్రమాణాలను స్వీకరించింది. వాటిలోని ప్రతి మాటనూ ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలని మాత్రం పట్టుబట్టలేదు, అర్థం చెప్పుకోవడంలో తగిన స్వేచ్ఛ ఉంచింది. పాస్టర్ అయ్యగారి దగ్గర ఈ మాటే ఎత్తండి. ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర కాదు, వారం మధ్యలో టైము అడిగి వెళ్లండి. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లడానికి మనసొప్పకపోతే అదీ ఆయనకే చెప్పండి. చెప్పకుండా మానేస్తే పుకారు పుడుతుంది.

ఒక్కటి మాత్రం మీతో మీరే తేల్చుకోవాలి. పునరుత్థానం మీద, ప్రార్థన మీద కూడా నమ్మకం పోయిందా? అది ఆరు రోజుల లెక్క లాంటిది కాదు. నమ్మకం పూర్తిగా పోయాక ‘ఉదార విశ్వాసం’ అనే పేరు వెనక దాక్కుంటే మీకే ఊపిరాడదు. పోలేదంటే, ఎవరో అన్నారని క్రైస్తవురాలినన్న పేరు వదులుకోకండి.

అమ్మ దగ్గర ఆదికాండం వాదన పెట్టకండి. ఆమె భయం సృష్టి గురించి కాదు, మీరు చేజారిపోతారని. మీలో ఏం మిగిలిందో ముందు చెప్పండి: ప్రార్థన, కొండమీది ప్రసంగం, పాటల బృందం. ఆ తర్వాతే ఏది నమ్మలేకపోతున్నారో ఒక్క వాక్యంలో చెప్పి ఆగండి. బతుకమ్మ విషయంలో ఉన్నదున్నట్టు చెప్పండి. తంగేడు, గునుగు పేర్చి చప్పట్లు కొడుతూ ఆడటం వేరు, పసుపు గౌరమ్మకు మొక్కడం వేరు. మొక్కలేదంటే మొక్కలేదనండి, మొక్కితే మొక్కాననండి. ఈ ఏడాది ఒకలా, వచ్చే ఏడాది ఇంకోలా చెబితే ఆ తర్వాత ఏ మాటా నమ్మరు.

ఇంట్లో కోపంలో ‘నేను క్రైస్తవురాలిని కాను’ అని కుల సర్టిఫికెట్ల దాకా పోకండి. ఎస్సీ మూలాల నుంచి వచ్చిన క్రైస్తవులకూ వాళ్ల సంతానానికీ ఉన్నది బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. మళ్లీ ఆ హోదా కావాలంటే కోర్టులు పాత కులం రుజువు, నిజంగా మతం మారడం, ఆ కులంవాళ్లు కలుపుకోవడం, ఈ మూడూ చూస్తాయి. సందేహాలు దానికి చాలవు.

సంబంధం వాళ్లకు మాత్రం ప్రధానం తేదీ పెట్టకముందే చెప్పాలి. పెద్దల ద్వారా కాదు, అబ్బాయితో మీరే మాట్లాడండి. ‘రక్షణ అంటే మీకేమిటి’ అని ముందు ఆయన్నే అడగండి. పిల్లల బాప్తిస్మం, ఆదివారాలు, పక్కింటి పండుగలు, ఈ మూడింటి మీద ఆయన జవాబు వినండి. పెళ్లయ్యాక తగువులు వచ్చేది వీటి దగ్గరే.