తాలూకా బోర్డు బడులు నడపబోయే మేనల్లుడికి

కాకినాడ,
1922 జూన్

చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

కోనసీమలో మీ తాలూకా బోర్డుకు నీవు అధ్యక్షుడివయ్యావని మీ అమ్మ కార్డు వ్రాసింది. సంతోషం. బోర్డు పనుల్లో రోడ్లు, సత్రాలు ఎవరైనా చూడగలరు. బడుల సంగతి వేరు కనుక, ముప్పై ఏళ్లు పడవల మీదా ఎడ్లబండ్ల మీదా బడులు తనిఖీ చేస్తూ తిరిగినవాడిగా నాకు తోచినది వ్రాస్తున్నాను. మొదటి సమావేశంలోనే ప్రతి సభ్యుడూ తన ఊరికి ఒక కొత్త బడి కావాలంటాడు. ఈ ఏడాది ఒక్కటి కూడా తెరవవద్దు. ఉన్న బడిలో పంతులు ఉన్నాడా, అతనికి జీతం అందుతున్నదా, పిల్లలు నిజంగా వస్తున్నారా అన్న మూడు సంగతులు తేలేదాకా కొత్త బడి తెరవడమంటే బడుల పట్టీలో ఒక పేరు పెరగడమే.

పట్టీలోని అంకెలను నేనెందుకు నమ్మనో చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి ఉండేది. పరీక్షలో నెగ్గిన పిల్లవాడికి ఇంత చొప్పున లెక్కగట్టి పంతులుకు ఇచ్చేవారు. ఒకనాడు ఉదయం కాలువగట్టు ఊరొకదానిలో పరీక్ష చేస్తుంటే ఒక కుర్రవాడు పదహారో ఎక్కం గడగడా ఒప్పజెప్పాడు. వాడికి ఎడమ చెవికి మాత్రమే పోగు ఉంది. మధ్యాహ్నం పడవ దిగి తరువాతి ఊరి బడికి వెళితే అదే పోగు, అదే ఎక్కం, పేరు మాత్రం వేరు. నేనింకా నోరు తెరవకముందే వాడు తల దించుకున్నాడు. పంతులు లేచి వచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు. ఆ ఇంట్లో నాలుగు నెలలుగా వండుకుంటున్నవి అప్పు బియ్యమేనని తరువాత తెలిసింది. ఆ రాత్రి నేను వ్రాయవలసిన రిపోర్టు వ్రాశాను. గ్రాంటు పోయింది, ఏడాది తిరగకముందే బడీ పోయింది. రూలు ప్రకారం నేను చేసినది సరైనదే. ఆ ఊరిలో మళ్లీ ఒక బడి నిలవడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

కనుక నీ మొదటి పని జీతాలు. పూర్వం వీధిబడి అయ్యవారికి ఊరు బియ్యమిచ్చేది, కాయగూరలిచ్చేది. అమావాస్యకూ పున్నమికీ డబ్బులు ముట్టేవి. దసరాకు పిల్లలు విల్లంబులు పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఆయన మామూలు తెచ్చేవారు. బోర్డు జీతం వచ్చాక ఊరు చేయి ముడుచుకుంది. ఆ జీతమూ వేళకు రాకపోతే పంతులుకు అదీ లేదు, ఇదీ లేదు. జీతం కోసం తాలూకా కచేరీకి రమ్మంటే లంక ఊరి పంతులు రెండు రేవులు దాటాలి, రెండు రోజులు బడి మూయాలి, గుమాస్తా చేతిలో అణాలు పెట్టాలి. మనియార్డరు ఖర్చు బోర్డే భరించి, మొదటి వారంలోనే సొమ్ము పంపించే ఏర్పాటు చెయ్యి. నేను చూసిన ఒక తాలూకాలో, పేరెందుకులే, మూడు నెలలు జీతాలు నిలిచిపోతే ఒక పంతులు ఊరి కొట్టులో ఖాతా పెట్టుకున్నాడు. ఆ ఏడాది కొట్టు యజమాని కొడుకే తరగతిలో మొదటివాడు.

జీతం తక్కువైతే ఏమవుతుందో సర్కారుకు తెలియక కాదు. 1826లో మద్రాసు గవర్నరుగా ఉన్న మన్రో దొర చూపిన లెక్కల్లో ఈ చెన్నరాజధానిలో, అంటే మద్రాసు రాష్ట్రంలో, 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది పిల్లలు ఉన్నారు. దాదాపు అన్నీ ఊళ్లు తమకు తాముగా నిలుపుకున్న వీధిబడులే. వాటికి మేలుబంతిగా తాలూకాకొక సర్కారు బడి పెట్టాలని, దాని పంతులుకు నెలకు 9 రూపాయలు, జిల్లా బడి పంతులుకు 15 రూపాయలు ఇస్తే చాలునని ఆయన అన్నాడు. పదేళ్లు తిరిగేసరికి, 1836లో, ఆ సర్కారు బడులు ఎత్తివేశారు. నీ బోర్డు ఈనాడు శిక్షణ లేని పంతులుకు ఇస్తున్న జీతాన్ని ఆ 9 రూపాయల పక్కన పెట్టి చూడు. నూరేళ్లకు దగ్గరపడుతుండగా మనం ఎంత దూరం వచ్చామో నీకే తెలుస్తుంది.

సొమ్ము ఎక్కడిదంటావు. 1920 ప్రాథమిక విద్యాచట్టం నీకు విద్యాపన్ను వేసే దారి చూపింది, కాని తొందరపడకు. 1855 ప్రాంతంలో నరసాపురంలో సబ్ కలెక్టరుగా ఉన్న టేలర్ దొర రైతులను కూర్చోబెట్టి మాట్లాడితే, శిస్తుతో పాటు బడి కోసం కొంత చెల్లించడానికి వారే ఒప్పుకున్నారు. మన జిల్లాలో రైతు సొమ్ముతో నడిచిన బడులు అలా మొదలయ్యాయి. ఆ ఏర్పాటుకు 1863లో చట్టం చేశారు, 1871లో లోకల్ ఫండ్ చట్టం తెచ్చారు. చట్టాలు పెరిగినకొద్దీ రైతుకు అది తన బడి అన్న మమకారం తగ్గింది. ఆ మమకారం ఉన్న ఊరిలోనే పన్ను పుడుతుంది. అందుచేత పన్ను సంగతి ఎత్తేముందు ఊరి చావడిలో నీవే కూర్చుని, ఆ ఊరి బడికి పోయిన ఏడాది ఎంత ఖర్చయిందో, పాక నేయించడానికి ఎంత కావాలో కరణం చేత పైకి చదివించు. లెక్క విన్న రైతు తిడతాడు, తిట్టి ఇస్తాడు. వినని రైతు ఊరకే తిడతాడు.

పాక అంటే గుర్తుకు వచ్చింది. తాటాకు నేయించే సొమ్ము చైత్రంలోనే మంజూరు చేయించు. ఆలస్యం చేస్తే బోర్డు ఆమోదం ఆషాఢంలో వస్తుంది, అప్పటికి హాజరు పట్టీ తడిసి ముద్దవుతుంది. అలాగే సెలవులు కచేరీ పంచాంగం ప్రకారం కాక ఊడ్పులు, కోతలు చూసి ఇప్పించు. ఊడ్పుల నెలలో బడి తెరిచి ఉంచితే పంతులు ఖాళీ పలకలకు పాఠం చెబుతాడు. వరదల కాలంలో లంకల మాట చెప్పనే అక్కరలేదు.

అన్నిటికన్నా కష్టమైనది బడి ఎక్కడ ఉండాలన్న సంగతి. గుడి మండపంలోనో అగ్రహారంలోని అరుగు మీదనో పెడితే బోర్డుకు అద్దె కలిసివస్తుంది, అంటరానివారని ఊరు దూరం పెట్టిన పేట పిల్లలు మాత్రం వీధి మొగలోనే ఆగిపోతారు. ఊరికీ పేటకూ మధ్యనున్న పోరంబోకు స్థలం అడిగి అక్కడ పాక వేయించు. మొదటి నెల పెద్దిళ్ల పిల్లలు మానేస్తారు. పెద్దలు నీ ఇంటికి వస్తారు, మీ నాన్నగారి పేరు ఎత్తుతారు, వచ్చే ఎన్నికల మాటా ఎత్తుతారు. స్థలం మార్చకు, పంతులునూ మార్చకు. నేనెరిగిన ఒక ఊరిలో ఊడ్పులప్పుడు మానేసినవారు సంక్రాంతి దాటేసరికి తిరిగివచ్చారు; రసీదు చదవగల కొడుకు ఆ తండ్రులకూ కావలసినవాడే. నీళ్లకుండ దగ్గర మాత్రం పేచీ రాక మానదు, కొన్నాళ్లు అక్కడ నీవే వెళ్లి నిలబడు. ఇంకొక మాట. 1917లో బెజవాడలో సభ జరిపి, తాము ఆదిఆంధ్రులమని ఆ పేటలవారు తమ పేరు తామే చెప్పుకున్నారు. నీ హాజరు పట్టీల్లో ఆ పేరే వ్రాయించు. పంతుళ్లు కొందరు సణుగుతారు, సణగనీ.

ఆడపిల్లల చదువును గురించి నీకు నేను చెప్పేదేముంది. వీరేశలింగం పంతులు గారు 1874లోనే ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టిన జిల్లా ఇది. ఉపాధ్యాయిని దొరికిన చోట ముందు ఆమెకు ఊరిలో భయం లేని వసతి చూపు, బడి తరువాత చూడవచ్చు.

పంతుళ్ల నియామకాల్లో సభ్యుల బావమరుదులు వరుసకట్టి వస్తారు. శిక్షణ పొందినవాడు దొరికితే బావమరిది అయినా తీసుకో, దొరకకపోతే ఎవరి బావమరిదినీ తీసుకోకు. ఖద్దరు కట్టాడని ఫలానా పంతులును తీసేయమని పైనుంచి సూచనలు రావచ్చు. విద్య ఇప్పుడు మనవారైన మంత్రుల చేతిలోని శాఖే అయినా కచేరీల భయాలు పోలేదు. అతని తరగతిలో ఒక గంట కూర్చుని, పిల్లలు చదువుతున్నారో లేదో చూసి, చూసినదే జవాబుగా వ్రాయి.

కార్తీకంలో, కోతలకు ముందు, నేను బొబ్బర్లంక నుండి కాలువ పడవలో వస్తాను. రేవుకు బండి పంపు. ముందు మీ లంక బడి చూద్దాం. మనం వస్తున్నామని పంతులుకు మాత్రం కబురు పంపకు.

ఇట్లు,
నీ మేనమామ