నదికి రంగు వేశారా, కలిపారా?

సందేహం: మేము చికాగోలో ఉంటాం. మార్చిలో ఐర్లండ్ వాళ్ళు చేసుకునే సెయింట్ పాట్రిక్ పండుగకి ఇక్కడి నదిలో రంగు కలుపుతారు. "నదిని పచ్చగా రంగు వేశారు" అని అమ్మకి ఫోన్లో చెబితే "నీళ్ళలో పసుపు పోశారా?" అని అడిగింది. నా వాక్యంలో తప్పేమిటి? నిఘంటువులో కనిపించిన 'అద్దకం' అనే మాట ఇక్కడ వాడొచ్చా?

సమాధానం: మీ అమ్మగారి ప్రశ్న నూటికి నూరుపాళ్ళు న్యాయమైనది. తెలుగులో పచ్చ అంటే ఆకుపచ్చా అవుతుంది, పసుపూ అవుతుంది. పచ్చకామెర్లలో ఉన్నది పసుపు, పచ్చని చేలల్లో ఉన్నది ఆకు రంగు. రైలు కదలడానికి ఊపేదీ పచ్చజెండాయే, తెలుగుదేశం వాళ్ళు పట్టుకునేదీ పచ్చజెండాయే, సందర్భాన్ని బట్టి ఎవరికీ ఇబ్బంది రాదు. పసుపు, పసరు, పచ్చ అన్నీ ఒకే ద్రావిడ ధాతువు నుంచి వచ్చినవి కాబట్టి దీన్ని భాషకున్న లోపం అనుకోకండి. కాకపోతే నది రంగు మారడం మన అనుభవంలో లేని సంగతి, వినేవాళ్ళకి ఊహించుకోవడానికి ఆధారం ఉండదు, అందుకని ఇక్కడ 'ఆకుపచ్చ' అని పూర్తిగా చెప్పాల్సిందే. కొందరు 'హరిత నది' అని రాస్తున్నారు, అది నాకు అస్సలు నచ్చదు. హరితం అనగానే ఈ రోజుల్లో చెట్లు నాటడం, పర్యావరణం గుర్తొస్తాయి, చదివినవాళ్ళు నదిని శుభ్రం చేశారేమో అనుకుంటారు.

ఇక క్రియ సంగతి. మీ వాక్యంలో అసలు చిక్కు ఇక్కడుంది. 'వేశారు' అనే క్రియకి 'రంగు' అప్పటికే కర్మగా ఉంది, మళ్ళీ 'నదిని' అని ఇంకో కర్మ తెచ్చారు. ఇంగ్లిష్ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దింపితే ఇలాగే అవుతుంది, పేపర్లలో కూడా ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తోంది. గోడకి రంగు వేస్తాం, జుట్టుకి రంగు వేస్తాం, కాబట్టి "నదికి ఆకుపచ్చ రంగు వేశారు" అంటే వ్యాకరణం సరిపోతుంది. అయినా నీటి విషయంలో 'కలిపారు' ఇంకా బాగుంటుంది.

అక్కడ జరిగే పని చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఒక పడవలో ఉన్నవాళ్ళు పిండి జల్లెడలతో పొడి చల్లుతూ పోతారు, ఇంకో పడవ ఆ నీళ్ళని చిలుకుతూ తిరుగుతుంది. విచిత్రమేమిటంటే ఆ పొడి నారింజ రంగులో ఉంటుంది, నీళ్ళు తగిలాకే ఆకుపచ్చగా మారుతుంది. అందుకే "ఆకుపచ్చ పొడి చల్లారు" అని రాస్తే తప్పు, "పొడి చల్లి నీళ్ళని ఆకుపచ్చగా మార్చారు" అంటే ఒప్పు. ఈ పని చేసేది ప్లంబర్ల యూనియన్ వాళ్ళు. మురుగు ఎక్కడి నుంచి నదిలోకి దొంగతనంగా చేరుతోందో కనిపెట్టడానికి వాడే రంగు అది, దాన్ని పండుగకి వాడొచ్చన్న ఆలోచన వాళ్ళ నాయకుడు స్టీఫెన్ బెయిలీది. 1962లో మొదటిసారి 100 పౌండ్లు పోస్తే నది వారం రోజులు ఆకుపచ్చగానే ఉండిపోయింది. తర్వాత మోతాదు బాగా తగ్గించారు, పర్యావరణం గురించి అభ్యంతరాలు రావడంతో పాత రసాయనం మానేసి మొక్కల నుంచి తీసిన రంగుకి మారారు.

'అద్దకం' మాత్రం వద్దు. అద్దకమంటే గుడ్డకో నూలుకో రంగు పట్టించడం, మచిలీపట్నం కలంకారీలో లాగా అది పట్టి నిలవాలి. నదిలో రంగు నీటితోపాటు కొట్టుకుపోతుంది, దాన్ని అద్దకం అంటే ఆ పని చేసేవాళ్ళెవరూ ఒప్పుకోరు. 'పులిమారు' కూడా పనికిరాదు, అది పైపైన పూసేదానికి వాడే మాట, పైగా కాస్త నిందలా వినిపిస్తుంది.

కాబట్టి మీ అమ్మగారికి "పండుగని నదిలో ఆకుపచ్చ రంగు కలిపారమ్మా" అని చెప్పండి. రాసేటప్పుడైతే "నది నీటిని ఆకుపచ్చగా మార్చారు" అనండి. ఊరి పేరు అక్కడివాళ్ళు 'షికాగో' అని పలికినా, వివేకానందుడి 1893 ప్రసంగం గురించి చదువుకున్న తరాలన్నిటికీ అలవాటైన 'చికాగో' అనే మీరూ రాశారు, దాన్ని మార్చక్కర్లేదు.