బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్ కొంచెం వచ్చు, కోర్సులో చేరకుండా గేమ్ లైటింగ్ నేర్చుకోవచ్చా?

మామూలు లాప్‌టాప్‌తో, ఫీజులు కట్టకుండా సొంతంగా గేమ్ లైటింగ్, అంటే గేమ్‌లోని సీన్లకు వెలుగునీడలు అమర్చే పని, నేర్చుకోవడం కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. నేను హైదరాబాద్‌లో యానిమేషన్ స్టూడియోల్లో కొన్నేళ్లు లైటింగ్ చేసి, తర్వాత గేమ్స్ వైపు వచ్చాను. ఈ రెంటికీ ఉన్న తేడాతోనే మొదలుపెడతాను. యూట్యూబ్ పాఠాల్లో చాలావరకు దాన్ని దాటేసి నేరుగా బటన్ల దగ్గరికి వెళ్లిపోతాయి.

సినిమాలో కెమెరా ఎక్కడుందో మనకు తెలుసు. షాట్ మారితే లైట్లూ మార్చుకుంటాం. ఫ్రేములో లేని గోడ చీకట్లో ఉన్నా అడిగేవాళ్లుండరు. గేమ్‌లో కెమెరా ఆటగాడి చేతిలో ఉంటుంది. అతను వెనక్కి తిరుగుతాడు, మూలకెళ్లి నక్కుతాడు, మీరు ముచ్చటపడి పెట్టిన కిటికీ వెలుగు వంక చూడనే చూడడు. పైగా ఎటు వెళ్లాలో అతనికి ఎవరూ చెప్పకుండానే తెలియాలి. మా టీమ్ చేసిన ఒక హారర్ గేమ్‌లో, ఆడి చూడటానికి వచ్చినవాళ్లంతా తాళం వేసి ఉన్న గది వైపే వెళ్లేవారు. ఆ మూల ఒక కూల్‌డ్రింక్ మెషీన్ ఉంది, అంతస్తు మొత్తంలో దాని వెలుగే ఎక్కువ. వాళ్లు వెళ్లాల్సిన తలుపు మీద లైటు పెంచాలా వద్దా అని చాలా చర్చ నడిచింది. చివరికి మెషీన్ వెలుగు తగ్గించారు, జనం తలుపు వైపు నడిచారు. ఈ ఉద్యోగంలో సగం పని లైట్లు తగ్గించడమే అంటాను నేను.

ఇక ప్రాక్టీస్. మోడలింగ్ (వస్తువులను 3డిలో తయారుచేయడం) మీద టైమ్ పెట్టకండి, ఎవరో చేసిన సీన్ తీసుకోండి. ‘స్పాంజా’ అనేది ఉచితంగా దొరుకుతుంది. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌లో ఉన్న స్పాంజా ప్యాలెస్ లోపలి ప్రాంగణానికి అది 3డి నమూనా. ఈ రంగంలో ఉన్నవాళ్లంతా దాన్ని ఎన్నోసార్లు చూసి ఉంటారు కాబట్టి వాళ్ల దృష్టి మోడల్ మీదికి పోదు, మీ లైటింగ్ మీదే ఉంటుంది. క్రైటెక్ అనే గేమ్ కంపెనీ వాళ్లు మెరుగుపరిచిన రూపంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరలు వేలాడుతుంటాయి. తెర మీద పడ్డ ఎండ పక్కనున్న రాతికి ఆ రంగు పులుముతోందా లేదా ఇట్టే తెలిసిపోతుంది. దీన్నే బౌన్స్ లైట్ అంటారు. పాత ఇళ్లలో ఎర్ర గచ్చు మీద ఎండ పడ్డప్పుడు సున్నం గోడ కిందిభాగం గులాబీ రంగుకు తిరుగుతుందే, అదే ఇది. మీ ఊళ్లో అలాంటి ఇల్లు ఉంటే ఒక మధ్యాహ్నం కూర్చుని చూడండి.

గేమ్ ఇంజిన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) తెరవగానే ముందు ఆటో ఎక్స్‌పోజర్ సంగతి చూడండి, అంటే స్క్రీన్ మీది వెలుగును ఇంజిన్ తానే సర్దడం. అన్‌రియల్ అనే ఇంజిన్‌లో అది మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. మీరు బల్బు వెలుగు పదిరెట్లు పెంచినా ఇంజిన్ తనంతట తాను సర్దేస్తుంది, స్క్రీన్ మీద తేడా పెద్దగా తెలియదు. కొత్తవాళ్లు ఇక్కడే రోజుల తరబడి టెన్షన్ పడతారు. పోస్ట్ ప్రాసెస్ వాల్యూమ్ అనే చోట ఉండే సెట్టింగుల్లో కనిష్ఠ, గరిష్ఠ ఎక్స్‌పోజర్ రెండింటికీ ఒకే విలువ ఇస్తే అది కదలకుండా నిలబడుతుంది.

ఆ తర్వాత అసలు వెలుగు కొలతలు తెలుసుకోండి. మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలత). ఆఫీసు గదిలో 300 నుంచి 500. పున్నమి వెన్నెల 0.3 దగ్గరే ఆగిపోతుంది. ఈ అంతరం తెలిస్తే పగటి సీన్‌లో గదిలోని బల్బు ఎందుకు వెలవెలబోతుందో అర్థమవుతుంది. రంగుకు కెల్విన్ లెక్క: కొవ్వొత్తి 1,900, పాత ఫిలమెంట్ బల్బు 2,700, పగటి ఎండ 5,500 ప్రాంతం. అంకె పెరిగేకొద్దీ రంగు నీలం వైపు జరుగుతుంది. చాలామంది దీన్ని తిరగేసి గుర్తుపెట్టుకుంటారు.

సీన్ ఎంతకీ బాగా రాకపోతే లైట్లను తిట్టుకునే ముందు టెక్స్చర్లు (వస్తువుల పైన అంటించే రంగు బొమ్మలు) చూడండి. తాజా మంచు తన మీద పడ్డ వెలుగులో 80 శాతానికి పైగా తిప్పి పంపుతుంది, బొగ్గు 4 శాతం దాకా. మామూలు గోడకు మంచును మించిన తెలుపు ఇస్తే వెలుగు గదంతా తిరుగుతూనే ఉంటుంది, నీడలన్నీ పాలిపోతాయి.

లాప్‌టాప్ గురించి దిగులు పడనక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో అన్‌రియల్ 5తో వచ్చిన లూమెన్ అనే లైటింగ్ పద్ధతి, ఆట నడుస్తుండగానే బౌన్స్ లైట్ లెక్కిస్తుంది. మీ మెషీన్ దాన్ని మోయలేకపోతే లైట్‌మ్యాప్‌లు బేక్ చేయండి, అంటే వెలుగునీడలను ముందే లెక్కగట్టి టెక్స్చర్‌లో దాచేయడం. 1996లో వచ్చిన క్వేక్ గేమ్ చేసిన పనే ఇది. ఫోన్ గేముల్లో ఇప్పటికీ విరివిగా వాడతారు కాబట్టి నేర్చుకున్నది వృథా పోదు. దాంతోపాటు ఖర్చు లెక్క కూడా పట్టాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.6 మిల్లీసెకన్లే, గేమ్‌లోని అన్ని పనులూ అందులోనే అవ్వాలి. నీడ పడే పాయింట్ లైట్ (అన్ని వైపులా వెలుగు చిమ్మేది) పెడితే ఇంజిన్ ఆరు దిక్కులకూ నీడ లెక్కించాలి, టార్చిలా ఒకవైపే వెలిగే స్పాట్ లైట్‌కు ఒక్క దిక్కు చాలు. అందుకే సీలింగ్ లైటుకు కిందికి తిప్పిన స్పాట్ పెడతాం. ఇంటర్వ్యూలో ఇలాంటివే అడుగుతారు.

కోర్సుల విషయానికొస్తే, పని చేస్తున్న లైటింగ్ ఆర్టిస్టు ఎవరైనా వారం వారం మీ సీన్ చూసి తప్పులు చెబుతారంటేనే డబ్బు కట్టండి. రికార్డు చేసిన వీడియోలే ఇస్తామంటే వద్దు, అలాంటివి ఉచితంగానే బోలెడు ఉన్నాయి.

పోర్ట్‌ఫోలియోలో ఒకే సీన్‌ని ఎండలో, ముసురు పట్టినప్పుడు, రాత్రి ఒక్క దీపంతో చేసి చూపించండి. ఒక్క మోడల్‌నీ కదపొద్దు. స్టిల్స్ రెండు మూడు చాలు. వాటికి తోడు సీన్ లోపల నడుస్తూ, వెనక్కి కూడా తిరుగుతూ తీసిన ఒక నిమిషం వీడియో తప్పకుండా పెట్టండి. మా దగ్గరికి వచ్చే దరఖాస్తుల్లో ముందుగా తెరిచేది దాన్నే.