కొట్టేసిన పేరా గురించి

విజయనగరం

చిరంజీవి తమ్ముడికి,

నీ రాతప్రతి అందింది. డిగ్రీ మొదటి ఏడాది పిల్లల కోసం తెలుగులో సమాజశాస్త్రం రాయాలన్న పూనిక మంచిది. ఇక అసలు సంగతికి వస్తాను.

నలభై రెండో పేజీలో ఒక పేరాను నల్లసిరాతో అడ్డంగా కొట్టేశావు. కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చదివాను. మీ ఊరి మత్స్యకారులు ఆగస్టు వచ్చేసరికి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్లలో పనికి కుదురుతారని, మీ పెదనాన్న ఇంటిపట్టున ఉండేది ఏడాదిలో రెండు నెలలేనని రాశావు. అప్పు ఎవరికి ముందు తీర్చాలో, పిల్లను ఏ కాలేజీలో చేర్చాలో తేల్చేది పెద్దమ్మేనని రాశావు. ఆ ఆరు వాక్యాలు చదివాక చాలాసేపు మరో పేజీ తిప్పలేకపోయాను. పక్కన ‘స్థానికం, అనవసరం’ అని నువ్వే రాసుకున్నావు. ఎవరు చెప్పారు నీకు?

దాని ముందు పేజీ చూడు. కుటుంబానికి అమెరికా మానవశాస్త్రవేత్త మర్డాక్ 1949లో ఇచ్చిన నిర్వచనాన్ని పిల్లలు వల్లె వేయడానికి వీలుగా గడి కట్టి పెట్టావు. ఉమ్మడి నివాసం, ఆర్థిక సహకారం, సంతానోత్పత్తి. మీ పెద్దమ్మ ఇల్లు ఆ గడిలో పడుతుందా? సహకారం ఉంది, పిల్లలున్నారు. మరి ఉమ్మడి నివాసం? పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులే మగవాళ్లు ఊళ్లో నిలకడగా కనిపించేది. అంతమాత్రాన అది కుటుంబం కాకుండా పోతుందా? నివాసం అంటే మనిషి అక్కడ పడుకోవడమా, ఆ ఇంటి పొయ్యిలో అతని వాటా ఉండటమా? ఈ ప్రశ్న అడగడమే సమాజశాస్త్రం. నువ్వు నిర్వచనాన్ని ఉంచి, దాన్ని పరీక్షకు పెట్టే ఇంటిని కొట్టేశావు.

బంధుత్వం అధ్యాయంలోనూ ఇదే జరిగింది. ‘కజిన్’ అన్న మాట పదకొండు సార్లు లెక్కపెట్టాను. మన ఇళ్లలో పెదనాన్న కొడుకు అన్న, మేనమామ కొడుకు బావ. ఒకరితో పెళ్లి మాట తలపెట్టడమే పాపం, మరొకరితో వరస కుదురుతుంది. ఇంత పెద్ద తేడాను ఒక్క పరాయి మాటలో ముంచేస్తే మేనరికాన్ని ఎలా వివరిస్తావు? మానవశాస్త్రవేత్త మోర్గాన్ 1871లో అచ్చువేసిన బంధుత్వ పట్టికల్లో తెలుగు వరసలూ ఉన్నాయి. అమెరికాలో కూర్చున్న మనిషి మన పిలుపులను అంత శ్రద్ధగా పోగుచేశాడు. తెలుగు పుస్తకంలో మనం వాటిని పారేసుకుంటున్నాం.

నాకూ ఒకసారి ఇలాగే అయింది. ఇరవై ఏళ్ల కిందట పరిశ్రమల మీద ఒక పాఠం రాశాను. మా ఊరి జూట్ మిల్లుకు తాళం పడిన రోజు ఉదయం, ఏమీ తెలియక క్యారేజీలతో గేటు దాకా వచ్చి నిలబడిపోయిన కార్మికులతో ఆ పాఠం మొదలవుతుంది. సంపాదకుడు ‘ఇది పాఠం కాదు, వార్త’ అని తీసేసి, ఏదో ఇంగ్లిషు పుస్తకంలోని కార్ల కర్మాగారాన్ని తెచ్చి పెట్టాడు. నేను ఒప్పుకున్నాను. డబ్బు అవసరం ఉండింది. పుస్తకం వచ్చాక ఆ మిల్లు కార్మికుడి కొడుకే నా తరగతిలో లేచి, “మాస్టారూ, ఈ కర్మాగారం ఎక్కడుంది?” అని అడిగాడు. ఆ రోజు నోట మాట రాలేదు. ఆ సంపాదకుణ్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. స్థానికమైనది శాస్త్రం కాదని ఈ సంపాదకులు ఎక్కడ నేర్చుకున్నారో!

మన జిల్లాలకు ఈ శాస్త్రం కొత్తదేమీ కాదు. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్కీమ్ ఆత్మహత్యల మీద పుస్తకం వేసిన 1897లోనే గురజాడ కన్యాశుల్కం తొలికూర్పు వచ్చింది. దాని ఇంగ్లిషు పీఠిక చదివావా? విజయనగరం మహారాజా ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల, అంటే ఆడపిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్న పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. మూడేళ్లకు 1,034 పెళ్లిళ్లు తేలాయి. పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఫ్రాన్సులో ఒకాయన చావులు లెక్కపెడుతున్న కాలంలో ఇక్కడ పసిపిల్లల పెళ్లిళ్లు లెక్కపెట్టారు. నీ పరిశోధన పద్ధతుల అధ్యాయంలో డర్కీమ్‌కు నాలుగు పేజీలు ఇచ్చావు, సంతోషం. ఈ జాబితాకు ఒక్క పేజీ ఇవ్వలేవా?

ముందుమాట గురించి, ప్రచురణ ఖర్చుల గురించి అడిగావు. వాటి సంగతి తరువాత. ముందు ఆ పేరాను తిరిగి రాసి పంపు. ఈసారి ఇంకొన్ని విషయాలు కనుక్కో. రేషన్ కార్డులో ఇంటి పెద్దగా ఎవరి పేరుంది? బడిలో సంతకం ఎవరు పెడతారు? పెదనాన్న జూన్‌లో ఇంటికి వచ్చాక ఆ రెండు నెలలూ డబ్బుల సంచి ఎవరి చేతిలో ఉంటుంది? పెద్దమ్మనే అడుగు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు